కాళ్లు కడిగే సెట్టు: పెట్టెలోది కొనాలా, గిన్నెల కొట్లో ఏరుకోవాలా?

ఈస్టరుకి ముందు నలభై రోజుల శ్రమకాలం మొదలైందంటే గోదావరి జిల్లాల్లో క్రైస్తవ సామాన్లు అమ్మే కొట్లలో ఒక పెట్టె ముందు అరలోకి వచ్చేస్తుంది. మట్టల ఆదివారం దాటాక ఇక అడగక్కర్లేదు, ఆ వారంలోని గురువారం సాయంత్రం ఆరాధనకి కావాలంటూ సంఘపెద్దలు హడావుడిగా వచ్చి పట్టుకుపోతారు. పాదప్రక్షాళన సెట్టు అని పేరు. పట్టుబడిన రాత్రి యేసు శిష్యుల కాళ్లు కడిగినదానికి గుర్తుగా, ఆ గురువారం చర్చిలో అయ్యగారు (పాస్టరో ఫాదరో) పన్నెండుమంది కాళ్లు కడగడానికి వాడే సామాను ఇది. లోపల బంగారు రంగు మెరుగు పెట్టిన ఇత్తడి పళ్లెం, మూతున్న కూజా, సబ్బుపెట్టె, శాటిన్ అంచు కుట్టిన తెల్ల తువ్వాలు ఒకటి, వీటన్నిటి కిందా మఖ్మల్ గుడ్డ. ఆన్‌లైన్‌లో దొరికేవీ దాదాపు ఇవే. చూపుకి ఐదుకి నాలుగున్నర ఇవ్వొచ్చు. పనికి ఒకటిన్నర.

ముందు పళ్లెం సంగతి. మూతి దగ్గర 12 అంగుళాలు, అంచులు ఏటవాలుగా దిగి అడుగుకొచ్చేసరికి 8. మగవాళ్ల పాదం 10 అంగుళాల దాకా ఉంటుంది. అంటే కాలు లోపల ఆనదు. మడమ పెడితే వేళ్లు అంచు మీదికొస్తాయి, వేళ్లు పెడితే మడమ బయట ఉంటుంది. కూర్చున్నాయన కాలు గాల్లో ఎత్తిపట్టుకోవాలి, కడిగేవాళ్లు ఒక చేత్తో మడమ పట్టుకుని రెండో చేత్తో నీళ్లు పోయాలి. అరవై దాటినవాళ్లకి ఆ కాలు అర నిమిషంలో వణకడం మొదలెడుతుంది. నీళ్లు సగం నేల మీదికే. ఇప్పటి చర్చిల్లో నేలంతా గ్రానైటో టైల్సో కదా, నాలుగో మనిషి దగ్గరికి వచ్చేసరికి జారుడుబల్లే.

ఇంకో తప్పు చూస్తే, ఈ పెట్టె తయారుచేసినవాళ్లు ఒక్కసారి కూడా ఎవరి కాళ్లూ కడిగి చూడలేదని తెలిసిపోతుంది. పళ్లెం అడుగున నడిమధ్యలో సిలువ చెక్కారు. అందంగానే ఉంది. కానీ దాని మీద కాలెవరు పెడతారండీ? పెద్దవాళ్లు పాదం దించబోయి, సిలువ చూసి, వెనక్కి తీసుకుంటారు. ఈ సెట్టే కొనేసి ఉంటే అడుగున ఒక తెల్లగుడ్డ మడతపెట్టి పరవండి. సిలువా కనపడదు, కాలూ జారదు.

కూజా లీటరుది. ఒక్కొక్కరికి రెండు పాదాలకీ కలిపి అరలీటరు ధారగా పోస్తే సరిపోతుంది. పన్నెండుమందికి ఆరు లీటర్లు, చెయ్యి తిరగనివాళ్లు పోస్తే ఇంకో రెండు. లీటరు కూజాతో ఇద్దరిద్దరికోసారి నింపుకోవాలి. ముక్కు పొట్టిది, పెదవి మందం. అందుకని నెమ్మదిగా వంచితే నీళ్లు ధార కట్టకుండా ముక్కు కిందినుంచి కూజా పొట్ట మీదుగా మోచేతిలోకి కారతాయి. గట్టిగా వంచితే మూత ఊడి పాదం మీద పడుతుంది. మూత పక్కన పెట్టేసి వాడటం ఒక్కటే దారి.

పైన మెరుపు ఇత్తడిది కాదు, ల్యాకర్ అనే వార్నిష్ లాంటి పూత. చింతపండు వేసి తోమారో, పూత పొరలుపొరలుగా లేచి పళ్లెం మచ్చలమచ్చలుగా తయారవుతుంది. మెత్తని గుడ్డతో, సబ్బునీళ్లతో మాత్రమే కడగాలి. ఆ సంగతి పెట్టె మీద ఎక్కడా రాయరు. ఇక ఆ శాటిన్ తువ్వాలు నీళ్లు పీల్చదు, తడిని పాదమంతా పులుముతుంది. పైగా ఒక్కటే ఇచ్చారు. మూడోవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ముద్దయిపోతుంది, ఒకరి కాలి దురద ఇంకొకరికి చేరుతుంది.

అయితే పళ్లెమూ ధార ఉన్న పాత్రా మనకి కొత్తవి కావు. యోహాను సువార్త 13వ అధ్యాయంలో యేసు నీళ్లు పోసినది ‘పళ్లెము’ అనే మన తెలుగు బైబిల్లో ఉంది. ఆ మాట వినగానే ఇక్కడివాళ్ల కళ్లకి కట్టేది పెళ్లిపందిరే. అమ్మాయి తల్లి కొమ్ముచెంబుతో నీళ్లు పోస్తుంటే తండ్రి అల్లుడి కాళ్లు పళ్లెంలో పెట్టి కడుగుతాడు. సామాను అదే, నీళ్లవే. అక్కడ పిల్లనిచ్చేవాడు వంగితే, ఇక్కడ గురువు వంగుతాడు. పేతురు ‘నీవెన్నడును నా పాదములు కడుగరాదు’ అని అడ్డుపడటంలో వింతేం లేదు, మన ఊళ్లో ఏ పాలేరైనా అదే అంటాడు. ఇంటికొచ్చినవాళ్లకి కాళ్లకు నీళ్లివ్వడం మన మర్యాద, అబ్రాహాము ఇంటి మర్యాదా అదే. ఇచ్చి ఊరుకుంటాం. చేత్తో ముట్టుకుని వేళ్ల సందులు తుడవడం వేరే పని. ఊళ్లో ఎవరి కాళ్లు ఎవరు ముట్టుకుంటారన్నది పుట్టినప్పట్నుంచీ అందరికీ తెలిసిన లెక్క. మన చర్చి గుడి మెట్లెక్కగానే ఆ లెక్క చెరిగిపోయిందనుకుంటే పొరపాటే. అందుకే సామాను అలంకారానికి కాకుండా, చెయ్యి నిజంగా పాదాన్ని ముట్టుకునేలా ఉండాలంటున్నాం.

గిన్నెల కొట్టుకే వెళ్లండి. తణుకు దగ్గర అజ్జరం ఇత్తడి సామానుకి పేరుమోసిన ఊరు, తూకం లెక్కన అమ్ముతారు. అక్కడ గానీ, అక్కడి సరుకు తెచ్చే కొట్లలో గానీ మూతి 16 అంగుళాలు, అడుగు 11కి తగ్గకుండా, లోతు 5 అంగుళాలున్న బేసిన్ అడగండి. నగిషీ వద్దు. అంచు బయటికి మడిచి ఉండాలి, పట్టుకోవడానికి వీలుగానూ ఉంటుంది, మడమకి కోసుకోదు కూడా. ఈ కొలతలో ఇత్తడిది మూడు కిలోల దాకా తూగుతుంది, ఆరు లీటర్లు నిండితే తొమ్మిది కిలోలు. మోకాళ్ల మీదున్న మనిషి దాన్ని పన్నెండు కుర్చీల వెంట జరుపుకుంటూ పోలేడు. నలుగురికోసారి పక్కన బకెట్లో వంపేయాలి. ఇత్తడికి ఇంకో తంటా, డెల్టా చివర్లోని నీరు. నరసాపురం, అంతర్వేది వైపు బోరునీళ్లలో ఉప్పెక్కువ. తడి ఆరకుండా బీరువాలో పెట్టేస్తే వారం తిరక్కుండా పచ్చటి చిలుము పడుతుంది. వాడిన రాత్రే మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడవాలి.

స్టీలు బేసిన్ కిలో లోపే ఉంటుంది, ఒకదాంట్లో ఒకటి దూర్చి పెట్టుకోవచ్చు. రెండు రకాల స్టీలుంటుంది, చవకది 202, మంచిది 304. అయస్కాంతం అంటదని చూపించి ఇది 304యే అనే కొట్టువాళ్ల మాట నమ్మకండి, 202కి కూడా అయస్కాంతం సరిగ్గా అంటదు. ఉప్పునీళ్లలో 202కి సూది పొడిచినట్టు గుంటలు పడతాయి. స్టీలుతో అసలు గొడవ చప్పుడు. జానెడు ఎత్తునుంచి నీళ్లు పోస్తే, పక్కనున్న మైకు పట్టుకుని రేకుల మీద వాన పడ్డట్టు గుడంతా వినిపిస్తుంది, పాట మునిగిపోతుంది. అడుగున తడిగుడ్డ పరిస్తే ఆ చప్పుడు ఆగుతుంది. ప్లాస్టిక్ టబ్బుని చిన్నచూపు చూడక్కర్లేదు. తేలిక, చప్పుడు లేదు, కాలికి చల్లగా తగలదు. ఎండలో వదిలేస్తే రెండేళ్లకి పెళుసెక్కి పగులుతుంది, అంతే దాని లోపం. తెల్ల ఎనామిల్ బేసిన్ మాత్రం వద్దు. ఒక్క దెబ్బకి పెచ్చు ఊడి లోపలి ఇనుము తుప్పు పడుతుంది, ఊడిన చోట అంచు బ్లేడులా ఉంటుంది.

కూజాకి బదులు రెండు లీటర్ల కొమ్ముచెంబు. కొనేముందు కొట్లోనే నీళ్లు పోసి వంచి చూడండి. ధార తెగకుండా పెన్సిలంత లావున పడి, చెంబు నిలబెట్టగానే చుక్క కారకుండా ఆగాలి. రెండు చెంబులుంటే ఒకటి వాడుతుండగా ఇంకొకటి నిండుతుంది.

తువ్వాళ్ల దగ్గర అందరూ టర్కీ తువ్వాలు కొంటారు. నీళ్లు బాగానే పీలుస్తుంది, కాదనం. కానీ ఆడవాళ్ల పట్టీలకి దాని నూలు ఉచ్చులు తగులుకుంటాయి, లాగితే పట్టీ అయినా తెగుతుంది, పోగైనా లేస్తుంది. ఆప్కోలోనో ఊళ్లోని చేనేత సంఘం దుకాణంలోనో దొరికే నూలు తువ్వాలు మేలు. కొత్తదానికి గంజి ఉంటుంది, అలాగే వాడితే నీళ్లు ముత్యాల్లా జారిపోతాయి తప్ప పీల్చదు. రెండు మూడుసార్లు ఉతికి గంజి వదిలించాలి. మెత్తదనం కోసం కలిపే సువాసన ద్రావకాలు వద్దు, అవీ పీల్చే గుణాన్ని చంపేస్తాయి. మనిషికొకటి చొప్పున పన్నెండు, పైన రెండు. ఇవి కాక నడుముకి కట్టుకునేది ఒకటి. అది మామూలు ఒకటిన్నర మీటర్లదైతే 36 అంగుళాల నడుము చుట్టూ తిరిగాక అరమీటరు పైచిలుకు మాత్రమే మిగులుతుంది. దాంతో తుడవాలంటే పాదాన్ని పొట్ట దగ్గరికి లాక్కోవాలి. రెండు మీటర్ల తుండు తీసుకుంటే మీటరు కొస వేలాడుతుంది, వంగిన మనిషి చేతికి హాయిగా అందుతుంది. దాన్ని ఆచారానికి గుర్తుగా కట్టుకుని, తుడవడానికి విడి తువ్వాలు వాడటమే శుభ్రం.

లేసు అంచు వేయించాలని ఆశపడేవాళ్లుంటారు, నరసాపురం లేసు కదా మరి. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు ఈ వైపు ఆడవాళ్లకి నేర్పిన అల్లిక అది, ఇప్పటికీ ఎన్నో ఇళ్లకి కూడుపెడుతోంది. బల్ల మీద పరిచే గుడ్డకి వేయించండి, అక్కడ దాని అందమే వేరు. తడి తువ్వాలుకి మాత్రం వద్దు, వేళ్లకి చుట్టుకుంటుంది.

ఏ పెట్టెలోనూ ఇవ్వనిది, అన్నిటికన్నా ముఖ్యమైనది పీట. కడిగే అయ్యగారికి అరవై ఏళ్లుంటే పన్నెండుసార్లు మోకాళ్ల మీద కూలబడి లేవడం అయ్యే పని కాదు. నాలుగోసారికి పక్కవాళ్లు రెక్క పట్టుకుని లేపాలి, ఎనిమిదోసారికి కడగడం మానేసి నాలుగు చుక్కలు చిలకరించి వెళ్లిపోతారు. ఆరంగుళాల ఎత్తు టేకు పీటైతే కూర్చునే జరుగుతూ పోవచ్చు. కూర్చునేవాళ్లకి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు చాలు, సోఫాలు వద్దు, వాటిలో మోకాలు పైకి లేచి పాదం ముందుకు రాదు. సేవకుడు అని పిలుచుకునే ఆయనకి వేదిక మీద వేసే కుర్చీయే గుడిలో అన్నిటికన్నా ఎత్తుగా ఉండటం మనకెప్పుడూ వింతగా తోచదు. ఆ ఒక్క సాయంత్రం దాన్ని తీసి పక్కన పెట్టి పీట వేస్తే, ఏం జరుగుతోందో పిల్లలకి కూడా మాట అక్కర్లేకుండా అర్థమవుతుంది.

నీళ్ల వేడి చాలామంది పట్టించుకోరు. ఈ ఆచారం జరిగే గురువారం మార్చి 19కీ ఏప్రిల్ 22కీ మధ్య ఎప్పుడైనా పడుతుంది. ఏప్రిల్లో పడిందంటే మేడ మీది ట్యాంకు నీళ్లు సాయంత్రం ఆరింటికి కూడా కాలుతుంటాయి. మధ్యాహ్నమే బిందెల్లో పట్టి నీడన పెట్టుకోవాలి. కడిగే ముందు మోచేయి ముంచి చూడాలి, వేడీ చలువా రెండూ తెలియకూడదు, అది సరైన పదును. షుగరున్నవాళ్లలో కొందరికి పాదాలకి స్పర్శ ఉండదు, కాలినా చెప్పరు. వాళ్లకి నీళ్లు ధారగానే పోయాలి, నానబెట్టకూడదు. రుద్దకుండా అద్దుతూ తుడవాలి, వేళ్ల సందుల్లో తడి మిగలకూడదు. పుండో కట్టో ఉన్న కాలు వదిలేసి రెండో కాలు కడగాలి, ఆ సంగతి ముందురోజే చెవిన వేసుకోవాలి. చేపల చెరువుల్లో, వరిచేలల్లో దిగేవాళ్లలో వేళ్ల సందుల చర్మం తెల్లగా నాని దురదపెట్టడం మామూలే. వాళ్లని పక్కన పెట్టనక్కర్లేదు, వాళ్ల తర్వాత నీళ్లు మార్చి, బేసిన్ సబ్బుతో కడిగి, కొత్త తువ్వాలు తీస్తే చాలు. డెట్టాలు, పన్నీరు, సెంటు, ఏవీ కలపొద్దు. డెట్టాలు కలిపితే నీళ్లు తెల్లగా విరిగినట్టయి ఆస్పత్రి వాసన కొడుతుంది, చర్మం పగిలినవాళ్లకి మంట.

మనిషికి నిమిషం, జరగడానికీ నీళ్లు మార్చడానికీ కలిపి పన్నెండుమందికి పదిహేడు పద్దెనిమిది నిమిషాలు. నాలుగు చరణాల పాట ఆరేడు నిమిషాలకే అయిపోతుంది. మిగతా సమయం నిశ్శబ్దం భరించలేక అయ్యగారు గబగబా కానిచ్చేస్తారు. మూడు పాటలు ముందే అనుకోవాలి. చెంబు పట్టేవాళ్లొకరు, బకెట్టూ తువ్వాళ్లూ చూసేవాళ్లొకరు. ఈ ఇద్దరూ తడినేల మీద తిరుగుతారు కాబట్టి గోనెపట్టాలు పరవాలి. వాడిన నీళ్లు పారబోయనివ్వకుండా సీసాల్లో పట్టుకెళ్లేవాళ్లుంటారు, వారించండి. అవి కాళ్లు కడిగిన నీళ్లు, కొబ్బరిచెట్టు మొదట్లో పోయండి.

ఎవరి కాళ్లు కడగాలన్నది సెట్టు కన్నా పెద్ద ప్రశ్న. కథోలిక సంఘంలో 1955లో పోపు పన్నెండో భక్తినాథుడు (పయస్) ఈ ఆచారాన్ని గురువారం సాయంత్రపు బలిపూజ (మాస్)లోకి తెచ్చినప్పుడు పన్నెండుమంది పురుషులు. ఇప్పటి ఆచారక్రమంలో పన్నెండే అన్న లెక్క లేదు, 2016 జనవరి 6 నాటి ఉత్తర్వుతో స్త్రీలకూ చోటు దొరికింది. యువకులు, ముసలివాళ్లు, ఆరోగ్యవంతులు, రోగులు అందరూ కలిసేలా చూసుకోమనీ అందులోనే ఉంది. అడ్వెంటిస్టు సంఘాలవాళ్లది వేరే పద్ధతి. మామూలుగా మూడు నెలలకోసారి, రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్లకి ముందు, మగవాళ్లు ఒకచోట, ఆడవాళ్లు ఒకచోట ఇద్దరిద్దరుగా ఒకరి కాళ్లు ఒకరు కడుగుతారు. నలభైమందికి ఇరవై జంటలు, జంటకి ఐదు నిమిషాలు, ఐదు బేసిన్లుంటే ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. వాళ్లకి ఇత్తడి పనికిరాదు, స్టీలో ప్లాస్టిక్కో కొనాలి. ‘ఒకరి పాదములను ఒకరు’ అన్న మాటకి ఇదే దగ్గరగా ఉందని మా అభిప్రాయం, ఇక్కడ కడిగించుకున్నాయన వెంటనే పళ్లెం తన వైపు లాక్కోవాలి మరి.

మిగతా చోట్ల మామూలుగా జరిగే పొరపాటు, గుడి స్లాబుకి చందా ఇచ్చిన పెద్దల్ని వరసగా కూర్చోబెట్టడం. వాళ్లు ఇంటి దగ్గరే సబ్బుతో రుద్ది, పౌడరేసుకుని, కొత్త మేజోళ్లతో వస్తారు. యేసు కాళ్లు కడిగిన పన్నెండుమందిలో ఆయన్ని పట్టిచ్చిన యూదా కూడా ఉన్నాడు, అతను బయటికి వెళ్లింది కాళ్లు కడిగించుకున్నాకే. ఆ లెక్కన సంఘంలో ఒకరితో ఒకరికి మాటల్లేని ఇద్దరుంటే ఆ వరసలో వాళ్లకే ముందు చోటు. దాళ్వా (రెండో పంట వరి) కోతలనుంచి నేరుగా వచ్చేవాళ్లనీ, గుడి ఊడ్చేవాళ్లనీ పిలవండి, ముందురోజు ఇంటికెళ్లి అడగండి, అప్పటికప్పుడు వేలు చూపిస్తే సిగ్గుతో చస్తారు. ఫొటోలు రెండు చాలు. లైవులో కెమెరా పాదం మీదికి జూమ్ చేయడం మొదలెట్టిందంటే, పగుళ్లున్న మనిషి కాలు లోపలికి లాక్కుంటాడు.

ఆ తర్వాత 364 రోజులు ఈ సామాను ఏమవుతుందన్న దాని మీదే మా రేటింగు నిలబడింది. మఖ్మల్ పెట్టె మళ్లీ బీరువాలోకే పోతుంది. నూలు తువ్వాళ్లూ స్టీలు బేసిన్‌ పీటా అయితే మంచాన పడ్డవాళ్ల ఇళ్లకి పోతాయి. నరసాపురం, రామచంద్రపురం లాంటి చోట్ల మిషనరీలు కుష్ఠురోగుల కోసం ఆస్పత్రులూ ఆశ్రమాలూ పెట్టిన నేల ఇది. స్పర్శ పోయిన పాదానికి అక్కడ నేర్పేది కూడా బేసిన్ పనే. మామూలు నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టి, గట్టిపడ్డ చర్మాన్ని గరుకురాయితో మెల్లగా రుద్ది, తడి పూర్తిగా ఆరకముందే నూనో వాజిలీనో రాసి, వేళ్ల మధ్యా అరికాల్లోనూ కొత్త పుండేదైనా ఉందేమో చూడటం. షుగరు కాలుకి మాత్రం ఈ నానబెట్టడం పనికిరాదు, రెండిటికీ ఒకే పద్ధతి అనుకుని చేస్తే చెడుతుంది. నర్సుని అడిగి నేర్చుకోవాలి. ఇలా తిప్పే బేసిన్‌ని వాడినప్పుడల్లా సబ్బుతో తోమి ఎండలో బోర్లించాలి, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతకాలి.

మొత్తానికి పెట్టె సెట్టుకి ఐదుకి రెండు. చేతిలో డబ్బుంటే అజ్జరం ఇత్తడి బేసిన్ గురువారానికీ, ఊళ్లో తిప్పడానికి 304 స్టీలుది ఒకటీ. ఒక్కటే కొనగలిగితే స్టీలుదే. రెండు కొమ్ముచెంబులు, పద్నాలుగు నూలు తువ్వాళ్లు, రెండు మీటర్ల తుండు, రెండు బకెట్లు, గోనెపట్టాలు. పీట వడ్రంగి చేత చేయించేటప్పుడు నాలుగు కాళ్ల కిందా రబ్బరు బిళ్లలు కొట్టమని చెప్పండి, తడి గ్రానైటు మీద చెక్క జారుతుంది.